బండి వెనక మాట

నా బండి వెనకాల ఒక మాట ఉండాది.
హైపోథికేటెడ్.
దాని కింద బ్యాంకు పేరు, పసుపు రంగులో.
నాలుగేండ్లు దాన్ని మోసుకోని
స్టేషన్ నుంచి అలిపిరికి, అలిపిరి నుంచి తిరుచానూరికి తిరిగినా.
వెనకొచ్చే వాళ్లంతా చదివినారు.
ముందు కూసున్నోణ్ణి, నాకు అగుపడలా.

మా నీలావతి బ్యాంకు పరీక్షలు రాసేది.
కోచింగులో దినానికి పది మాటలు,
రెండొందల పేజీల నోటుబుక్కు,
ఎడంపక్క ఇంగ్లీషు, కుడిపక్క తెలుగు,
నడాన ఎర్ర గీత.
మూడోసారి ముప్పావు మార్కులో పోయింది.
ఆ ముప్పావు గురించి ఇంట్లో ఎవురం మాట్లాడం.
ఇప్పుడు గాంధీ రోడ్డులో చీరలంగట్లో బిల్లులేస్తాది.
నోటుబుక్కు తెచ్చి నా సీటు కింద పడేసింది,
పానాలు, మసిగుడ్డ ఉండే చోట.

సప్తగిరి లేటయిన రోజు తీసినా.
ఎనిమిదో తరగతి చదువు నాది,
కూడబలుక్కుంటే వస్తాయి అచ్చరాలు.
మొదటి మాట: లొక్వేషస్.
వాగుడుకాయ, అని రాసింది పక్కన.
తలెత్తితే ఎదురుగా దొరవేలు,
గుండ్లు గీయించుకున్న ఆరుగురు తమిళోళ్లకి
వాళ్లూరి వానల గురించి వాళ్లకే చెప్తా ఉండాడు.
ఆ పొద్దు నుంచి స్టాండులో వాడు లొక్వేషస్.
అదేందో బిరుదనుకోని కాలరెగరేసినాడు.

ఇంగ అదే అలవాటైపాయె.
రైలుకీ రైలుకీ నడాన ఒక మాట.
నోరు తిరగని మాటంటే గేరు మార్చినట్టే,
క్లచ్చి పట్టి, సగంలో ఆపి, మళ్లీ తొయ్యాల.
ఊరికే చదివితే నిలవదు,
ఎవురో ఒకరి మీద వెయ్యాల.
ఫ్రూగల్ అంటే, పది రూపాయల కాడ బేరం తెగక
కపిలతీర్థం దాకా నడిచిపోయిన పట్టుపంచె పెద్దమనిషి.
టాసిటర్న్ అంటే చెంగల్రాయుడు,
పెండ్లాం పొయినప్పట్నుంచి.
మిటిగేట్‌కి మనిషి లేడు,
మే నెల మధ్యాన్నం టాపు మీద తడిపేసిన గోనెపట్ట.
యుబిక్విటస్ కాడికొచ్చి తలెత్తితే కొండ.
అలిపిరిలో అగుపడతాది, రేణిగుంట కాడ అగుపడతాది,
మా మిద్దె మీద గుడ్డలారేసే తీగె వెనకాల కూడా.
సరేలే అని పేజీ తిప్పినా.
మ్యాగ్నానిమస్, విశాల హృదయం.
ఆ మాట ఇంగా ఎవురి మీదా వెయ్యలా.
అట్టాంటోళ్లు ఇంతవరకూ నా బండెక్కలా.

బండి వెనక మాట మాత్రం ఆ బుక్కులో లేదు.
రాత్రి అన్నం కాడ అడిగేసినా.
నీలావతి చెయ్యి కంచంలోనే ఆగింది.
"వస్తువు నీ కాడే ఉంటాది నాయినా.
తోలుకోవచ్చు, తుడుచుకోవచ్చు.
హక్కు మాత్రం ఇంగొకరిది."
"అట్టయితే నేను నేర్చుకున్న మాటలన్నీ?"
"అవీ అంతే," అనింది.
నవ్విందో, పచ్చిమిరక్కాయ కొరికిందో.
ఎడంచేత్తో, వంకర టింకరగా,
ఆ మాట నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసి చించిచ్చింది.

పొద్దున్నే ఆ కాయితం పట్టుకోని
బండి వెనక్కి పోయి నిలబడినా.
వై ఉండాల్సిన చోట ఐ.
నాలుగేండ్లు!
ఎంతమంది చదివుంటారు నా వెనకాల,
లాయర్లు, కాలేజీ అయ్యవార్లు, ఇంజనీర్లు.
హారను కొట్టినారు గానీ
ఒక్కడన్నా ఇది చెప్పలా.

నిన్న ఆఖరి కంతు కట్టేసినా.
అభ్యంతరం లేదని బ్యాంకోళ్లు కాయితమిచ్చినారు.
కొర్లగుంటలో పెయింటరు షరీఫ్ కాడికి తోలుకోని పోతే
టిన్నరు డబ్బా మూత తీసినాడు.

"వై పెట్టు" అన్నా.

"తుడిచేసేదానికి దిద్దేదెందుకన్నా?"

"ముందు దిద్దు.
ఆరనీ.
రాత్రి చీరలంగడి మూసేటప్పటికి
ఒకసారి ఆ పక్క పోవాల.
రేపు తుడువు."